పాకాలవాసి పనికి వెళ్లేది ఏ ఊరికో జనగణన అడగాలి

సంపాదకులకు నమస్కారం.

2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని దేశంలో జనగణన జరుగుతోంది. కులాల లెక్క గురించీ నియోజకవర్గాల పునర్విభజన గురించీ పత్రికల్లో చర్చ బాగానే నడుస్తోంది గాని, ఒక నగరం ఎంతవరకు విస్తరించిందో ఏ కొలతతో తేలుస్తారన్న విషయాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోవడం లేదు. తిరుపతికి ఇది చిన్న సంగతి కాదు కాబట్టి మీ పత్రిక ద్వారా నలుగురి దృష్టికీ తేవాలని రాస్తున్నాను.

తిరుపతి జనాభా ఎంత అంటే ఒక్క అంకెతో జవాబు చెప్పలేము. 2011 లెక్కల ప్రకారం నగరపాలక సంస్థ హద్దుల్లో ఉన్నవారు సుమారు 2 లక్షల 87 వేల మంది. తిరుచానూరు, అవిలాల, మంగళం లాంటి చుట్టుపక్కల ఊళ్లను కలుపుకున్న పట్టణ సముదాయంలో సుమారు 4 లక్షల 60 వేల మంది. ఈ రెండో అంకె మీద ఆధారపడిన నిర్ణయాలు చాలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం చెబుతాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం కోసం ఊళ్లను మూడు తరగతులుగా విడదీశారు. 50 లక్షలు, ఆ పైన జనాభా ఉన్నవి ఎక్స్, 5 లక్షల నుంచి 50 లక్షల లోపువి వై, మిగిలినవన్నీ జెడ్. వై తరగతి ఊరిలో మూల వేతనం మీద 20 శాతం వస్తుంటే జెడ్ తరగతిలో 10 శాతమే వస్తోంది. నెల్లూరు పట్టణ సముదాయం 5 లక్షలు దాటింది కాబట్టి వై తరగతిలో ఉంది. తిరుపతి ఓ 40 వేలు తక్కువై జెడ్‌లోనే ఉండిపోయింది. రైల్వేలో, తపాలా శాఖలో పనిచేస్తూ ఇక్కడ అద్దె కట్టుకుంటున్న వాళ్లకు ఆ 40 వేల విలువ బాగా తెలుసు.

అయితే పట్టణ సముదాయం గీతను ఎలా గీస్తున్నారు? కనీసం ఒక మున్సిపాలిటీయో కార్పొరేషనో ఉండాలి, దాన్ని ఆనుకుని ఎడం లేకుండా పట్టణంలా అల్లుకుపోయిన ప్రాంతం ఉండాలి, మొత్తం జనాభా 20 వేలకు తగ్గకూడదు. ఆనుకుని ఉన్న పంచాయతీ జనగణన లెక్కలో పట్టణం, అంటే సెన్సస్ టౌన్, అనిపించుకోవాలంటే 5 వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది జనసాంద్రత, పనిచేసే మగవారిలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం అనే మూడు షరతులూ తీరాలి. ఇవి అర్థం లేని షరతులని నేననను. కాని ఇవన్నీ చూసేది ఇళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయా లేదా, ఉన్న ఊళ్లో ఏ రకం పని చేస్తున్నారు అనేవాటినే. ఇక్కడ కాపురముంటూ అక్కడ పనిచేసే మనిషి ఈ లెక్కలో ఎక్కడా కనపడడు. నడుమ నాలుగు మామిడి తోటలు అడ్డం వచ్చాయంటే, ఊళ్లో సగం మంది తెల్లారేసరికి తిరుపతి బస్సెక్కినా ఆ ఊరు తిరుపతికి పరాయిదే అవుతుంది.

ఈ విషయం మీద నాకు ఆసక్తి పుట్టింది టెక్సాస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్లో ఉంటున్న మా అమ్మాయి ఇంట్లో. ఆమె ఎవరితో మాట్లాడినా డల్లాస్‌లో ఉంటున్నామనే చెబుతుంది. ఇల్లేమో డెంటన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), మా అల్లుడి ఆఫీసేమో డల్లాస్ కౌంటీలో. ఇదెలా కుదురుతుందని అడిగి, తర్వాత చదివి తెలుసుకున్నాను. టెక్సాస్ రాష్ట్రంలో 254 కౌంటీలున్నాయి. 2020 లెక్కల్లో హ్యూస్టన్ నగరమున్న హారిస్ కౌంటీలో 47 లక్షల మంది ఉంటే, లవింగ్ కౌంటీలో 64 మంది ఉన్నారు. ఇంత తేడా ఉన్న కౌంటీలను ఒక్కొక్కటిగా పోల్చి చూస్తే ప్రయోజనం ఉండదు కాబట్టి వాటిని గుంపులుగా కట్టే పద్ధతి అమెరికాలో 1950 జనగణన నాటి నుంచీ ఉంది. ఆ నియమాలను నిర్ణయించేది వారి కేంద్ర ప్రభుత్వంలోని ఆఫీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అండ్ బడ్జెట్, అందుకు కావలసిన అంకెలను ఇచ్చేది సెన్సస్ బ్యూరో.

మధ్యలో కనీసం 50 వేల జనాభా ఉన్న పట్టణ ప్రాంతం ఉంటే దాని చుట్టూ కట్టిన కౌంటీల గుంపు మెట్రోపాలిటన్ ప్రాంతం. 10 వేల నుంచి 50 వేల లోపు ఉంటే మైక్రోపాలిటన్ ప్రాంతం. ఈ రెండు రకాల గుంపుల్లో దేనిలోనూ చేరని కౌంటీలు విడిగానే ఉంటాయి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఆ 50 వేలు కౌంటీ మొత్తం జనాభా కాదు, మధ్యనున్న పట్టణ ప్రాంతానిది. ఇక పక్క కౌంటీని కలపాలా వద్దా అన్నది జనాభాను బట్టి కాక రాకపోకలను బట్టి తేలుతుంది. ఆ కౌంటీలో కాపురమున్న పనివారిలో కనీసం 25 శాతం మంది మధ్య కౌంటీలకు పనికి వెళ్తుండాలి, లేదా ఆ కౌంటీలోని ఉద్యోగాల్లో కనీసం 25 శాతం మధ్య కౌంటీల వాళ్లు వచ్చి చేస్తుండాలి. అలా డల్లాస్, ఫోర్ట్‌వర్త్‌ల చుట్టూ 11 కౌంటీలు ఒక్క గుంపయ్యాయి. 2020లో ఆ గుంపు జనాభా 76 లక్షలు దాటింది. మా అమ్మాయి డల్లాస్ అనడంలో తప్పేమీ లేదన్నమాట. ఈ గుంపులు రాష్ట్రాల సరిహద్దుల దగ్గర కూడా ఆగవు. న్యూయార్క్ గుంపులో న్యూజెర్సీ కౌంటీలున్నాయి. మన దగ్గర ఢిల్లీని ఆనుకుని ఉన్న నోయిడా, గుర్‌గావ్‌లు ఢిల్లీ పట్టణ సముదాయంలో లేకుండా వేరుగా లెక్కకు వస్తాయి.

ఆ పద్ధతిలో లోపం లేకపోలేదు. కౌంటీని ముక్కలు చేయకుండా మొత్తంగా కలుపుతారు. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీలో ఎక్కువ భాగం ఎడారే అయినా, 50 వేల చదరపు కిలోమీటర్లకు మించిన ఆ నేలంతా మెట్రోపాలిటన్ లెక్కలోకే వస్తుంది. మనం జిల్లాలను పట్టుకుని లెక్క వేస్తే ఇదే పొరపాటు చేసినవాళ్లమవుతాం. పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 2011లో 41 లక్షల 74 వేల మంది ఉన్నారు. కుప్పం నుంచి సత్యవేడు దాకా ఉన్న ఆ జిల్లాను ఒక్క నగరం చుట్టూ కట్టలేము. పైగా 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి పాత అంకెలను పోల్చుకోవడమే కష్టమైంది. మండలం అలా కాదు. ఆ ఉమ్మడి జిల్లాలో 66 మండలాలుండేవి, సగటున మండలానికి 63 వేల మంది. 1985లో ఏర్పడిన మండలాలు జిల్లాలు మారినా చాలావరకు చెక్కుచెదరలేదు. గుంపు కట్టడానికి మనకు సరైన ఇటుక మండలమే అని నా అభిప్రాయం.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను బడిపంతులుగా పనిచేసిన రోజుల్లో 2011 ఫిబ్రవరిలో చంద్రగిరి మండలంలో ఎన్యూమరేటర్‌గా ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ముందు వసారాలో కూర్చుని జవాబులు చెప్పారు. పెద్దాయన తిరుపతిలో బట్టల షాపులో పని. చిన్నాయన పాకాలలో మెకానిక్ షెడ్డులో పని. ఫారంలో పనిచేసే చోటికి ఒకవైపు దూరం ఎన్ని కిలోమీటర్లో రాయాలి, ఎలా వెళ్తారో కోడ్ వేయాలి. నడక, సైకిల్, మోటారు సైకిల్, ఆటో, బస్సు, రైలు అన్నింటికీ కోడ్లున్నాయి. ఇద్దరికీ దూరం రాశాను, ఇద్దరికీ బస్సు కోడే వేశాను. ‘సార్, తిరుపతి అని రాయలేదే?’ అని పెద్దాయన ఫారంలోకి వంగి చూసి అడిగాడు. రాయడానికి గడి లేదు. ఒకడు తూర్పుకు, ఒకడు పడమటికి వెళ్లినా కాగితం మీద అన్నదమ్ములిద్దరూ ఒకే దారిన పోయినట్టుంది.

2011లో దూరాన్ని, ప్రయాణ సాధనాన్ని అడగడం మంచి పనే. కాని ఏ ఊరికి అన్నది అడగకపోవడం వల్ల ఆ అంకెలతో గుంపులు కట్టడం సాధ్యపడదు. పాకాలనే తీసుకోండి. అక్కడ కలిసే రైలు మార్గాల్లో ఒకటి తిరుపతికి, మరొకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి, ఇంకొకటి ధర్మవరానికి వెళ్తుంది. రైల్లో పనికి పోతున్నానని ఒక పాకాలవాసి చెబితే, ఆయన తిరుపతి మనిషో చిత్తూరు మనిషో జనగణన చెప్పలేదు. అమెరికాలో ఏటా జరిపే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో పనిచేసే చోటు చిరునామానే అడుగుతారు. ఏ కౌంటీ నుంచి ఏ కౌంటీకి ఎందరు వెళ్తున్నారో చెప్పే పట్టికలు అందులోంచే వస్తాయి, గుంపులు ఆ పట్టికల నుంచే పుడతాయి.

ఎదురు రాకపోకలను కూడా చూడాలన్న వారి నియమం ఎంత అవసరమో తిరుమలను చూస్తే తెలుస్తుంది. 2011లో తిరుమలలో కాపురమున్నవారు 8 వేలకు లోపే. కాని తెల్లవారుజామున అలిపిరి దగ్గర నిలబడితే, దేవస్థానం ఉద్యోగులు, అన్నప్రసాదం దగ్గర వడ్డించేవాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు, కొండ మీద అంగళ్లలో పనిచేసేవాళ్లు బస్సుల్లో ఘాట్ రోడ్డెక్కడం కనపడుతుంది. వీళ్లు భక్తుల లెక్కలోకి రారు. కాపురం కింద, కూలి పైన. కొండ మీద ఎందరు ఉంటున్నారన్న అంకె మాత్రమే చూసేవారికి అదొక చిన్న ఊరు. ఎందరు వచ్చి పనిచేస్తున్నారో చూస్తే తిరుపతి జీవనాధారంలో సగం అక్కడే ఉందనిపిస్తుంది. శ్రీసిటీ పారిశ్రామికవాడదీ ఇలాంటి కథే. శ్రీకాళహస్తి, పుత్తూరు, నాయుడుపేట వైపు నుంచి ఆడపిల్లలు కంపెనీ బస్సుల్లో షిఫ్టులకు వెళ్తున్నారు. ఆ బస్సులు ఏ మండలం నుంచి ఎందరిని తీసుకెళ్తున్నాయో కంపెనీలకు తెలుసు, జనగణనకు తెలియదు.

అందువల్ల జనాభా లెక్కింపు ఫారంలో దూరం, ప్రయాణ సాధనాలతో పాటు పనిచేసే మండలం లేదా పట్టణం పేరును కూడా అడగాలని కోరుతున్నాను. ఫారం పొడవైపోతుందని, ఎన్యూమరేటర్ల మీద భారం పెరుగుతుందని అభ్యంతరం రావచ్చు. చేతితో గడులు నింపినవాడిగా ఆ భారం నాకు తెలుసు. కాని ఈసారి లెక్కింపు మొబైల్ యాప్‌లో జరుగుతోంది. దేశంలో ప్రతి గ్రామానికీ పట్టణానికీ ఇదివరకే కోడ్ ఉంది. పేరు మొదటి రెండక్షరాలు కొడితే జాబితా వస్తుంది, అందులో ఒకటి ఎంచుకుంటే పని అయిపోతుంది. దూరాన్ని గుర్తు చేసుకుని చెప్పడం కంటే ఊరి పేరు చెప్పడమే జనానికి తేలిక.

25 శాతమనే గీత మనకూ సరిపోతుందని నేననుకోవడం లేదు. మన దగ్గర వ్యవసాయ పనులు, సీజన్ కూలీలు వేరు. పట్టికలు వచ్చాక గీత ఎక్కడ పెట్టాలో నిపుణులు తేల్చవచ్చు, దాని మీద జనాభిప్రాయమూ తీసుకోవచ్చు. అమెరికాలో 2021లో మెట్రోపాలిటన్ ప్రాంతానికి 50 వేల పరిమితిని లక్షకు పెంచాలని ప్రతిపాదన వచ్చింది. దానివల్ల 144 ప్రాంతాలు మైక్రోపాలిటన్‌కు దిగిపోతాయని తేలింది, స్థానిక సంస్థలు అభ్యంతరాలు పంపాయి, చివరికి పాత 50 వేలనే ఉంచారు. చంద్రగిరి, రేణిగుంట, పుత్తూరు, పాకాల పంచాయతీలకు, మున్సిపాలిటీలకు కూడా అలా చెప్పుకునే వీలుండాలంటే ముందు వాళ్ల చేతిలో అంకెలుండాలి.

రాష్ట్రంలోని జనగణన డైరెక్టరేట్ ఈ విన్నపాన్ని రిజిస్ట్రార్ జనరల్ దృష్టికి తీసుకువెళ్లాలని, మన ప్రాంత పార్లమెంటు సభ్యులు సభలో ఈ ప్రశ్న అడగాలని మనవి చేస్తున్నాను. ఒకవేళ లెక్కింపు నాటికి ఈ మార్పు కుదరకపోతే, తిరుపతి నగరాభివృద్ధి సంస్థ తన పరిధిలోని మండలాల్లో నమూనా సర్వేగానైనా ఈ ఒక్క ప్రశ్నను అడగవచ్చు: మీ ఇంట్లో పనికి వెళ్లేవారు ఏ ఊరికి వెళ్తున్నారు?

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి.