ఐసీయూ తలుపు బయట కలిసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన అమ్మను నిన్న ఇంటికి తీసుకువచ్చాము. కుడి చేయి, కుడి కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు, మాట కూడా పూర్తిగా రావడం లేదు. అయినా మనిషి దక్కింది. కళ్ళు మూతలు పడుతున్నా, ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయకపోతే మనసు కుదుటపడదని కూర్చున్నాను.

అక్క, బావగారు, మావారు చేసినదాన్ని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. నేను చెప్పవలసింది పేరైనా తెలియని ఒక పెద్దాయన గురించి.

మొదటి రాత్రి డాక్టరుగారు బయటికి వచ్చి అమ్మ పరిస్థితి వివరిస్తున్నప్పుడు ఆయన పెదవులు కదలడం కనిపించిందే గాని ఒక్క మాటా నా బుర్రకెక్కలేదు. ఆయన లోపలికి వెళ్ళిపోయాక, పక్క కుర్చీలోని పెద్దాయన ఒక మందుల చీటీ నా చేతిలో పెట్టారు. దాని వెనక పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో, డాక్టరుగారు చెప్పినదంతా వరుసగా రాసి ఉంది: రక్తపు గడ్డ మెదడులో ఎడమవైపు ఉందని, అందుకే కుడి పక్కా మాటా దెబ్బతిన్నాయని, తెల్లవారేలోగా ఏమేమి గమనిస్తారో, పొద్దున నేను అడగవలసిన ప్రశ్నలేమిటో. తరవాత తన శాలువా మడిచి బెంచీ మీద పెట్టి, "కాస్త నడుం వాల్చు తల్లీ, పేరు పిలిస్తే నేను లేపుతాను" అన్నారు. అంతవరకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆయన ఊరుకోమనలేదు, ధైర్యమూ చెప్పలేదు. నేను మాట్లాడినంతసేపూ విన్నారు. ఆయన భార్య అదే తలుపు వెనక వెంటిలేటరు మీద ఉన్నారని మరునాడు నర్సు చెబితే గాని నాకు తెలియలేదు.

గీత మొదటి అధ్యాయం ఎన్నిసార్లు చదివినా గమనించని సంగతి ఒకటి ఆ బెంచీ మీద తోచింది. గాండీవం చేతిలోంచి జారిపోతున్నదని, ఒళ్ళు మండిపోతున్నదని అర్జునుడు చెప్పుకుపోతుంటే, ఆ అధ్యాయంలో శ్రీకృష్ణుడు పలికింది, ఎదుట చేరిన కౌరవులను చూడమన్న ఒక్క మాటే; అసలు ఉపదేశం రెండో అధ్యాయం 11వ శ్లోకంలో గాని మొదలుకాదు. ముందు దుఃఖాన్ని పూర్తిగా వినేవారు ఒకరుండాలి కాబోలు. కష్టం తనంతట తాను మనిషిని పైకెత్తుతుందని నేను అనుకోను. 1996లో టెడెస్కీ, కాల్హౌన్ అనే మనస్తత్వశాస్త్రవేత్తలు, మనసుకు పెద్ద దెబ్బ తగిలినవారిలో వచ్చే ఎదుగుదలను కొలవడానికి 21 అంశాల పట్టికను తయారుచేసి, అందులో ఆధ్యాత్మికమైన మార్పుకూ చోటిచ్చారు. ఆ ఎదుగుదల దెబ్బ తగిలినందువల్ల కాక, ఆ తరవాతి పెనుగులాటలోంచి వస్తుందని, వచ్చాక కూడా బాధ ఉండవచ్చని వారే చెప్పారు. నా విషయంలో అది అక్షరాలా నిజం. భయం ఇంకా పోలేదు. కానీ అమ్మ ఒక్కరి కోసమే సాగిన నా ప్రార్థనలోకి, ఆ తలుపు తీసి నర్సు పిలిచిన పేర్లన్నీ ఒకటొకటిగా వచ్చి చేరాయి. ఇంటికి వచ్చాక కూడా వదలలేదు.

ఇదంతా దేవుడు పెట్టిన పరీక్ష అని ఓదార్చినవారికి ఒక మాట చెప్పాలి. గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా జబ్బు మొదలైన 4.5 గంటలలోపే ఇవ్వవలసి ఉండగా, ఒక కౌంటరులో సంతకం, ఇంకో కౌంటరులో డిపాజిట్, మరోచోట ముద్ర అంటూ మమ్మల్ని తిప్పిన ఆ సమయాన్ని నేను దేవుడి ఖాతాలో వేయలేను. ఓర్చుకోవలసిన బాధ వేరు, మనుషులు తలచుకుంటే తప్పిపోయే బాధ వేరు. రెండోదానికి వేదాంతం పూయడం రోగికి అన్యాయం.

పెద్దాయనను మళ్ళీ చూడలేదు. ఆయన భార్యను మూడో అంతస్తుకు మార్చారని ఒకరు, వారు ఆసుపత్రి నుంచి వెళ్ళిపోయారని మరొకరు అన్నారు. అయ్యా, మీరు గాని మీ పిల్లలు గాని ఇది చదివితే, ఆ చీటీ నా దగ్గరే ఉంది, అమ్మగారు ఎలా ఉన్నారో దయచేసి తెలియజేయండి.

మరచిపోయాను, రాత్రి డ్యూటీ నర్సమ్మగారికి, రక్తం ఇచ్చిన ఇద్దరు విద్యార్థులకు, స్ట్రెచరును పరుగున తోసిన వార్డుబాయికి, ఆఫీసులో నా పని తన మీద వేసుకున్న స్నేహితురాలికి కూడా నా నమస్కారాలు. మా పై అంతస్తు వారికి కూడా. ఇంటి తాళాలు ఇన్నాళ్ళూ వారి దగ్గరే ఉన్నాయి.