నడుంనొప్పికి మందులే కాదు, మాట కూడా కావాలి

అయ్యా,
నాలుగేళ్లుగా నడుంనొప్పితో బాధపడుతున్నాను. ఎమ్మారై చూసి డిస్క్ అరిగిందన్నారు, బరువులెత్తొద్దన్నారు, ఆ మాట విన్నాక వంగాలంటేనే భయం పట్టుకుంది, నొప్పి ఇంకా పెరిగింది. అసలు ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి స్కానింగులో డిస్క్ అరుగుదల కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక పరిశోధన సమీక్ష చెబుతోంది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు!

అమెరికాలోని కొలరాడోలో దీర్ఘకాలిక వెన్నునొప్పి ఉన్న 151 మందిపై జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. ఈ నొప్పి ఒళ్లు దెబ్బతిన్నందుకు కాదు, మెదడు అనవసరంగా చేస్తున్న హెచ్చరిక అని నాలుగు వారాలు నేర్పించి, భయం లేకుండా కదలడం అలవాటు చేస్తే 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. మామూలు చికిత్సలోనే ఉన్నవాళ్లలో 10 శాతానికే అలా జరిగింది.

నొప్పి అబద్ధమని కాదు, నిజమే. జ్వరం, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం పట్టు తప్పడం ఉంటే ముందు డాక్టరు దగ్గరికే పరుగెత్తాలి. అవేవీ లేవని తేలాక మాత్రం నిద్ర గురించీ టెన్షన్ గురించీ ఓపిగ్గా అడిగే మనిషి ఉండాలి. జిల్లా ఆసుపత్రుల్లో ఎముకల విభాగం పక్కనే ఒక సైకాలజిస్టును కూర్చోబెట్టమని వైద్యశాఖను కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, ఖమ్మం