కుటుంబమంతా చూడొచ్చని ఎలా రాశారు?

సంపాదకులకు నమస్కారం.

భోగి రోజున మీ సినిమా పేజీలో వచ్చిన సమీక్ష గురించి ఈ ఉత్తరం. పండగకు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయి, ఇల్లు సర్దుకునే సరికి ఇన్ని రోజులయింది. నిన్న ఆ కాగితం మళ్లీ కనిపించింది, మళ్లీ చదివాను. కోపం ఏమీ తగ్గలేదు. సినిమా పేరు నేను రాయక్కర్లేదు, ఈ పండగకు ఏ హాలు ముందు చూసినా దాని పోస్టరే. మీ సమీక్ష ఆఖరి మాట ‘పండగకు కుటుంబ సమేతంగా చూడదగ్గ వినోదం’. ఆ మాట నమ్మి మేం పదకొండు మందిమి వెళ్లాం.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా ఆడపడుచు వాళ్లు చెన్నైలో ఉంటారు, మరిదికి హైదరాబాద్‌లో పని. మా వీధిలో చాలా ఇళ్లు ఇంతే, పిల్లలు పొట్టకూటికి ఎక్కడెక్కడో ఉంటారు, సంక్రాంతికే తలుపులు తెరుస్తారు. ఏడాదికి ఆ నాలుగు రోజులే అందరం ఒకచోట కూర్చుని తినేది, ఒక సినిమా చూసేది. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ముక్కనుమ రోజు రెండు ఆటోలు మాట్లాడుకుని శ్రీకాకుళం వెళ్లాం. మా అత్తమ్మకు 72 ఏళ్లు. మోకాళ్ల నొప్పులతో పక్క వీధికి కూడా వెళ్లరు. మనవలంతా వెళ్తున్నారని ఆ రోజు ఆవిడే చీర మార్చుకుని ముందు బయల్దేరారు.

పెంచిన ధరకు టికెట్లు, ఆటోలు, లోపల పిల్లలకు కొన్న తినుబండారాలు, అన్నీ కలిపి మూడు వేలు దాటింది. నేను అంగన్‌వాడీ కార్యకర్తను. నెలకు నాకు వచ్చే గౌరవ వేతనం 11,500 రూపాయలు. మూడు వేలు మాకు చిన్న డబ్బు కాదు. అయినా డబ్బు పోయిందని నేను ఈ ఉత్తరం రాయడం లేదు.

సినిమా మొదలైన పావుగంటకే ఒక ఆడమనిషి ఒళ్లు గురించి రెండర్థాల మాటలు మొదలయ్యాయి. ఒకటీ రెండూ కాదు, ఇంటర్వెల్ దాకా అవే. మా వరసలో మా అత్తమ్మ, ఆవిడ పక్కన ఆవిడ అల్లుడు కూర్చున్నారు. మన ఇళ్లలో అత్త ముందు అల్లుడు గట్టిగా నవ్వడానికే మొహమాటపడతాడు. ఆ అన్నయ్య తల దించుకుని ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు. అత్తమ్మ పైట సర్దుకుంటూ పక్కకు తిరిగి కూర్చున్నారు. మా ఆడపడుచు కూతురికి తొమ్మిదేళ్లు. అందరూ ఎందుకు నవ్వుతున్నారత్తా అని నన్ను అడిగింది. నేనేం చెప్పాలి?

ఇంటర్వెల్ తర్వాత మాటలు తగ్గి కత్తులు వచ్చాయి. మెడ కోయడం దగ్గర్నుంచి చూపించారు, నిదానంగా చూపించారు. మా మరిది కొడుకు అయిదేళ్లవాడు నా ఒళ్లో మొహం దాచుకుని, ‘అయిపోయిందా పెద్దమ్మా, అయిపోయిందా’ అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి అత్తమ్మే లేచి ‘ఇంటికి పోదాం పదండమ్మా’ అన్నారు. పదకొండు మందిమి చీకట్లో కాళ్లు తొక్కుకుంటూ బయటికి వచ్చాం. ఆటోలో ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ సినిమాకు సెన్సార్ వాళ్లు ఇచ్చింది యూఏ 16 ప్లస్ సర్టిఫికెట్, అంటే 16 ఏళ్లలోపు పిల్లలకు తగునో కాదో తల్లిదండ్రులే చూసుకోవాలని. తెర మీద ఆ కాగితం పడినప్పుడు మేం సీట్లు వెతుక్కుంటున్నాం. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయే చూసి చెప్పాడు. అప్పటికి గేటు దగ్గర టికెట్లు చింపేశారు. కౌంటర్ దగ్గర నేను ఏ బోర్డూ చూడలేదు. ఇంటికొచ్చి మీ పేపర్లో పడిన సినిమా ప్రకటన తీసి వెతికాను. ఉంది, హీరో చెప్పుల కింద, చీమ తలకాయంత. ప్రకటనల్లో సర్టిఫికెట్ ఏదో చూపించాలని నిబంధన ఉంది, చూపించారు. చదవడానికి మాత్రం కాదు.

ఈ చట్టం గురించి నేను తర్వాత తెలుసుకున్నాను. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించి, అప్పటిదాకా ఒక్కటిగా ఉన్న యూఏను 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడు చేశారు. మంచి పనే. అయితే ఆ అంకె తల్లిదండ్రులకు చెప్పడానికి మాత్రమే, దాన్ని పట్టుకుని ఇంకెవరూ పిల్లల్ని ఆపడానికి లేదు. తీసుకెళ్లాలా వద్దా అన్నది మేమే తేల్చుకోవాలి. సరే, తేల్చుకుంటాం. తేల్చుకోవాలంటే టికెట్ కొనక ముందే తెలియాలి కదా! ఆ సర్టిఫికెట్ తెర మీద హిందీలో, ఇంగ్లీషులో పడుతుంది. తెలుగు సినిమా చూడటానికి వచ్చిన మా అత్తమ్మలాంటివాళ్లు దాన్ని ఎలా చదువుతారు?

ఫోన్లో, టీవీలో ఓటీటీ పెడితే మొదట్లోనే వయసు అంకె, దాని పక్కన హింస, అసభ్య పదజాలం అని వచ్చేస్తుంది. 2021 ఐటీ నిబంధనల్లో అలా పెట్టాలని ఉంది. ఇంట్లో నచ్చకపోతే మీట నొక్కి ఆపేసేదానికి అంత జాగ్రత్త ఉంటే, డబ్బు కట్టి చీకట్లో కూర్చునే హాలుకు ఎందుకు లేదు? తెర మీద ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే కింద హెచ్చరిక వస్తుంది. 2012 నుంచి ప్రతి సినిమాలో చూస్తున్నాం. అయిదేళ్ల పిల్లాడి ముందు మెడ కోసినప్పుడు మాత్రం ఒక్క అక్షరం రాదు.

అధికారుల గురించి కూడా రాయాలి. 2021 డిసెంబరులో టికెట్ ధరలు, లైసెన్సుల మీద తనిఖీలు చేసి రాష్ట్రంలో చాలా హాళ్లకు తాళాలు వేశారు. అంటే హాలుకు వెళ్లి చూడటం వాళ్లకు చేతనవుతుంది. పెద్దలకు మాత్రమే అని ‘ఎ’ (A) సర్టిఫికెట్ ఇచ్చిన సినిమాకు చంకలో పిల్లలతో జనం వెళ్తుంటే గేటు దగ్గర ఆపినవాళ్లను నేను ఒక్కసారీ చూడలేదు. ఆపాలని చట్టంలోనే ఉంది. అరసవల్లి రథసప్తమికి ఏ క్యూ ఎటు పోతుందో పెద్ద పెద్ద అక్షరాలతో బోర్డులు కడతారు, లక్షల మందికి దారి చూపిస్తారు, చాలా బాగా చేస్తారు. అదే యంత్రాంగం హాలు కౌంటర్ మీద ‘16 ఏళ్లలోపు పిల్లల్ని తీసుకొచ్చేముందు ఆలోచించుకోండి’ అని తెలుగులో ఒక బోర్డు పెట్టించలేదా? మా కేంద్రంలో పిల్లాడికి గుడ్డు పెడితే లెక్క రాయాలి, బరువు తూచాలి, ఎత్తు కొలవాలి, ఫొటో యాప్‌లో ఎక్కించాలి, సిగ్నల్ లేకపోతే మిద్దెక్కి ఎక్కించాలి. ఆ పిల్లాడే హాలు గేటు దాటుతుంటే వయసెంత అని అడిగేవారు లేరు. పండగ తర్వాత మా కేంద్రంలో నాలుగేళ్ల పిల్లలు వేలితో మెడ మీద గీసుకుంటూ ఒకరినొకరు బెదిరించుకుంటున్నారు. ఆ డైలాగ్ కూడా తడుముకోకుండా చెబుతున్నారు.

మళ్లీ మీ సమీక్షకు వస్తాను. కెమెరా గురించి నాలుగు లైన్లు, పాటల గురించి మూడు, మొదటి సగం సాగదీశారని, రెండో సగం పుంజుకుందని రాశారు. ‘వినోదం పండింది’ అని రాశారు. ఆ వినోదమంతా రెండర్థాల మాటలేనని రాయలేదు. ‘యాక్షన్ ఘట్టాలు అభిమానులను అలరిస్తాయి’ అన్నారు. అందులో ఎంత రక్తం ఉందో రాయలేదు. మీ సమీక్షకుడికి సినిమా నచ్చడం ఆయన ఇష్టం, అందులో తప్పు లేదు. నచ్చడం వేరు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడగలగడం వేరు. మా మరిదికి విడిగా చూస్తే ఆ ఫైట్లు నచ్చేవేమో, తనే అన్నాడు. అయిదు మార్కులకు ఎన్ని వేశారన్నదాంట్లో ఈ రెండో సంగతి తెలియదు.

కష్టం, చావు, ఏడుపు చూపించకూడదని నేను అనడం లేదు. కాళీపట్నం రామారావు మాస్టారు తెలుగు కథల కోసం కథానిలయం అనే గ్రంథాలయం పెట్టిన జిల్లా మాది. ఆకలి గురించి, అన్యాయం గురించి కథలు చదివే పెరిగాం. ఒక చావును చూసి ఇంటిల్లిపాదీ కలిసి ఏడ్చిన సినిమాలు ఉన్నాయి, వాటికి పిల్లల్ని తీసుకెళ్లినందుకు ఎవరూ బాధపడలేదు. మోటు మాటలూ కొత్త కాదు. నా చిన్నప్పుడు మా ఊళ్లో తూర్పు భాగవతం తెల్లవార్లూ ఆడేవారు. నవ్వించే పాత్ర మాటలు కొన్ని చాలా మోటుగా ఉండేవి. ఆ ఘట్టం ఎప్పుడు వస్తుందో మా నాన్నమ్మకు తెలుసు. దానికి ముందే మమ్మల్ని లేపి ఇంటికి పంపించి తను కూర్చుని చూసేది. ఆవిడకు ముందే తెలిసింది కాబట్టి పంపించగలిగింది. ఇవాళ మాకు ముందుగా చెప్పగలిగేది పొద్దున్నే ఇంటికొచ్చే మీ పేపరే.

అందుకే అడుగుతున్నాను. ప్రతి సమీక్ష మొదట్లో, సినిమా పేరు పక్కనే, సర్టిఫికెట్ ఏదో తెలుగులో పెద్ద అక్షరాలతో వేయండి. హింస ఎంత, బూతులు ఉన్నాయా, చిన్నపిల్లలు భయపడే ఘట్టాలు ఉన్నాయా అన్నది రెండు లైన్లలో రాయించండి. కథ బయటపెట్టకుండానే అవి రాయొచ్చు. ప్రకటనలకు డబ్బు తీసుకునేది మీరే కాబట్టి, ఆ అంకె కంటికి కనబడేలా ఉండాలని వాళ్లకు మీరు చెప్పొచ్చు. ‘కుటుంబ సమేతంగా’ అన్న మాట రాసేముందు మీ సమీక్షకుడిని వాళ్ల అమ్మను, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ సినిమా చూడమనండి.

మొన్న ఆదివారం మా ఆడపడుచు చెన్నై నుంచి ఫోన్ చేసింది. వేసవి సెలవులకు పిల్లలతో వస్తుందట. ‘వదినా, అప్పుడైనా మంచి సినిమా చూసి పెట్టు, అమ్మను తీసుకెళ్దాం’ అంది. పేపర్లో చూసి చెప్తానని ఎప్పుడూ అనేదాన్ని. ఈసారి అనలేకపోయాను.

– ఒక అంగన్‌వాడీ కార్యకర్త,
ఆమదాలవలస మండలం, శ్రీకాకుళం జిల్లా