వే ప్రొటీన్ ఎంపికకు పేరు కాదు, లేబుల్ ముఖ్యం

సంపాదకులకు నమస్కారం.

పోషకాహార సలహాలివ్వడం నా వృత్తి. మీ పత్రిక ఆరోగ్య పేజీని క్రమం తప్పక చదివే పాఠకురాలిని కూడా. వ్యాయామం చేసేవారికి రోజుకు ఎంత ప్రొటీన్ కావాలన్న విషయం తరచుగానే చర్చకు వస్తోంది గానీ, కాన్సన్‌ట్రేట్, ఐసొలేట్, హైడ్రోలైసేట్ అనే మూడు రకాల వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ఒక ప్రొటీన్) పొడుల్లో ఎవరికి ఏది తగినదన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం ‘ఐసొలేటే మేలు’ అన్న ఒక్క మాట అంతటా చెలామణీ అవుతోంది. ఆ మాట నమ్మి చాలామంది అవసరం లేని ఖర్చు పెడుతున్నారు. కొద్దిమందికి అది ప్రాణాపాయం కూడా తేవచ్చు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మూడు రకాలకూ మూలం ఒక్కటే. ఆవుపాలలోని ప్రొటీన్‌లో సుమారు 80 శాతం కేసీన్, తక్కిన 20 శాతం వే. చీజ్ తయారుచేసేటప్పుడు పాలు గడ్డకట్టాక పైకి తేరే నీటిలో ఈ వే ఉంటుంది. ఆ నీటిని అతి సూక్ష్మమైన పొరల గుండా వడగట్టి, లాక్టోజ్ అనే పాల చక్కెరను, లవణాలను చాలావరకు తీసేసి ఆరబెడితే వచ్చే పొడి కాన్సన్‌ట్రేట్. అందులో ప్రొటీన్ 35 శాతం నుంచి 80 శాతం దాకా ఉండవచ్చు. వ్యాయామం చేసేవారి కోసం అమ్మేది సాధారణంగా 80 శాతం రకమే. వడపోతను మరింత లోతుగా సాగించి, లేదా అయాన్ మార్పిడి పద్ధతిని వాడి, కొవ్వును, లాక్టోజ్‌ను దాదాపు పూర్తిగా తొలగిస్తే ప్రొటీన్ 90 శాతానికి చేరుతుంది. దాన్ని ఐసొలేట్ అంటారు. ఇక ప్రొటీన్ గొలుసులను ఎంజైములతో ముందుగానే చిన్న ముక్కలు చేసినది హైడ్రోలైసేట్. ఇది మిగతా రెండింటికన్నా చేదుగా ఉంటుంది, ధర కూడా ఎక్కువే. త్వరగా జీర్ణమవుతుందన్నది నిజమే అయినా, సాధారణంగా వ్యాయామం చేసేవారికి దానివల్ల అదనంగా ఒరిగేది చాలా తక్కువ.

80కీ 90కీ మధ్య ఉన్న తేడా నిజంగా ఎంతో ఒకసారి లెక్క వేసి చూడాలి. 30 గ్రాముల పొడిలో కాన్సన్‌ట్రేట్ అయితే 24 గ్రాములు, ఐసొలేట్ అయితే 27 గ్రాముల ప్రొటీన్ అందుతుంది. ఆ మూడు గ్రాముల లోటు తీరడానికి కాన్సన్‌ట్రేట్‌ను మరో నాలుగు గ్రాములు కలుపుకుంటే చాలు. కండరాల నిర్మాణాన్ని ప్రేరేపించే లూసిన్ అనే అమైనో ఆమ్లం వే ప్రొటీన్‌లో దాదాపు పదో వంతు ఉంటుంది, ఈ పాళ్లు రెండు రకాల్లోనూ ఇంచుమించు సమానమే. అందువల్ల పాలు పడే ఆరోగ్యవంతులకు కాన్సన్‌ట్రేట్ పూర్తిగా సరిపోతుందని నేను నిస్సంకోచంగా చెబుతాను. కొవ్వును, పిండిపదార్థాలను గ్రాముల లెక్కన కట్టడి చేసుకోవలసిన పోటీ క్రీడాకారులు ఐసొలేట్ కొనుక్కుంటే అందులో అర్థముంది.

పేరు ఏదైనా, లెక్క తేలేది లేబుల్ మీదే. ఒక స్కూప్ (డబ్బాలో ఇచ్చే కొలత చెంచా) పొడి బరువు ఎన్ని గ్రాములో, అందులో ప్రొటీన్ ఎన్ని గ్రాములో చూసి, రెండో అంకెను మొదటి దానితో భాగించాలి. 36 గ్రాముల స్కూప్‌లో 24 గ్రాముల ప్రొటీన్ ఉందంటే అది 67 శాతమే, మిగిలినది కోకో, తీపి, చిక్కదనం కోసం కలిపినవి వగైరా. ఆ తర్వాత పదార్థాల పట్టిక చదవాలి. అక్కడ పదార్థాలను సాధారణంగా బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు కనుక, డబ్బా ముందు పెద్ద అక్షరాలతో ఐసొలేట్ అని ఉండి, పట్టికలో మాత్రం కాన్సన్‌ట్రేట్ ముందు వస్తే కొనేవారు మోసపోతున్నట్టే. గ్లైసిన్, టారిన్ వంటి అమైనో ఆమ్లాలు విడిగా కలిపారేమో కూడా గమనించాలి. ప్రొటీన్‌ను కొలిచే సంప్రదాయ పద్ధతి నిజానికి కొలిచేది నత్రజనినే, 1883 నాటి కెల్డాల్ పరీక్షకు ఆధారం అదే. అందుచేత నత్రజని ఉండి చౌకగా దొరికే ఈ అమైనో ఆమ్లాలు కలిపితే, అసలు వే పెరగకుండానే లేబుల్ మీది అంకె పెరుగుతుంది.

నేను అన్నింటికన్నా గట్టిగా చెప్పదలచినది పాలు పడకపోవడం గురించి. ఇందులో రెండు వేర్వేరు సమస్యలున్నాయి. లాక్టోజ్ అరగక కడుపు ఉబ్బరం, విరేచనాలు కలగడం ఒకటి. ఇలాంటివారికి ఐసొలేట్ మేలే. అయితే వీరిలో చాలామంది ఒక గ్లాసు పాలలో ఉండే సుమారు 12 గ్రాముల లాక్టోజ్‌ను కూడా తట్టుకోగలరు, ఒక స్కూప్ కాన్సన్‌ట్రేట్‌లో ఉండేది రెండు గ్రాముల ప్రాంతమే. కనుక కొద్ది మోతాదుతో మొదలుపెట్టి చూసుకోవచ్చు. రెండోది పాల అలెర్జీ. ఇక్కడ శరీరం తిరగబడేది లాక్టోజ్ మీద కాదు, ప్రొటీన్ మీదే. వే ప్రొటీన్‌లో సగం దాకా ఉండే బీటా లాక్టోగ్లోబులిన్ అందుకు ప్రధాన కారకాల్లో ఒకటి. దాన్ని మరింత చిక్కబరిచిన ఐసొలేట్ వీరికి కాన్సన్‌ట్రేట్ కంటే ఏ విధంగానూ సురక్షితం కాదు. వ్యాయామం చేసేవారికి అమ్మే హైడ్రోలైసేట్‌లోనూ అలెర్జీ కలిగించే ముక్కలు మిగిలే ఉంటాయి. పాల అలెర్జీ ఉన్నవారు ఈ మూడింటి జోలికీ పోకూడదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుడిని అడగకుండా ఏ ప్రొటీన్ పొడినీ మొదలుపెట్టకూడదు.

‘పాలు పడకపోతే ఐసొలేట్ వాడండి’ అన్న సలహా మీ ఆరోగ్య పేజీలో ఎప్పుడు వచ్చినా, అది లాక్టోజ్ అరగనివారికి మాత్రమే వర్తిస్తుందనీ, పాల అలెర్జీ ఉన్నవారికి కాదనీ ఆ వాక్యం పక్కనే అచ్చువేయవలసిందిగా మనవి చేస్తున్నాను.

భవదీయురాలు,
ఒక పోషకాహార సలహాదారు