జైశంకర్ గారూ, వీసాతో పని అయిపోలేదు: జర్మనీ నుంచి ఒక బహిరంగ లేఖ

విదేశాంగ మంత్రి శ్రీ ఎస్. జైశంకర్ గారికి నమస్కారం.

సార్, 2022 డిసెంబర్ 5న ఢిల్లీలో మీరు, అప్పటి జర్మనీ విదేశాంగ మంత్రి అన్నలేనా బేర్‌బాక్ గారు వలసల ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ వార్త చూసి ఇక్కడ మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరం సంబరపడ్డాం. చదువైన పిల్లలు ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువు, ఏడాదికి 3,000 జాబ్ సీకర్ వీసాలు, అన్నీ పనికొచ్చేవే. ఒప్పందం ఎలా నడుస్తోందో చూడటానికి రెండు దేశాల అధికారులతో ఒక జాయింట్ వర్కింగ్ గ్రూప్ కూడా ఏర్పాటు చేశారు. నేనీ లేఖ రాసేది ఆ గ్రూప్ గురించే. వీసా మీద వచ్చినవాడు ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్నానని రుజువు చేసుకోవడానికి ఎన్ని పాట్లు పడుతున్నాడో కూడా ఆ మీటింగుల్లో చర్చకు రావాలి.

నా సంగతే చెప్తాను. నేను బ్లూ కార్డ్ మీద వచ్చాను, అంటే డిగ్రీ ఉన్న విదేశీ నిపుణులకు ఇచ్చే నివాస, ఉద్యోగ అనుమతి. బ్లూ కార్డ్ ఉన్నవాళ్లు 27 నెలలు ఉద్యోగం చేసి పెన్షన్ కడితే పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చేయొచ్చు, జర్మన్ భాషలో మధ్యస్థాయి పరీక్ష బీ1 పాసైతే 21 నెలలకే చేయొచ్చు. ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు కూర్చుని చదివి బీ1 పాసయ్యాను, అప్పటికి నా కార్డు గడువు ఇంకా ఐదు నెలలుంది. జీతం స్లిప్పులు, పెన్షన్ కాగితం, ఇంటి అగ్రిమెంట్, ఇన్సూరెన్స్ లెటర్ అన్నీ స్కాన్ చేసి, విదేశీయులకు నివాస కార్డులిచ్చే ఫారినర్స్ ఆఫీసుకి ఆన్‌లైన్‌లో పెట్టాను. నా భార్య కార్డు నా కార్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి తనదీ అదే రోజు పెట్టాం. మీ దరఖాస్తు అందింది, ఎంతవరకు వచ్చిందని అడుగుతూ మెయిల్స్ పెట్టకండి అని ఒక ఆటోమేటిక్ జవాబు వచ్చింది. ఆ తర్వాత ఐదు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఇద్దరి కార్డుల గడువూ దాటిపోయింది.

ఇక్కడి చట్టం మంచిదే సార్, ఆ మాట ఒప్పుకోవాలి. నివాస చట్టం 81వ సెక్షన్ ప్రకారం గడువు లోపల అప్లై చేసుకుంటే, ఆఫీసు ఏదో ఒకటి తేల్చేవరకు పాత కార్డు చెల్లుతున్నట్టే లెక్క. ఉద్యోగం చేసుకోవచ్చు, ఊరెళ్లి తిరిగి రావచ్చు. కానీ నేను చెప్తే ఎవరు నమ్ముతారు? దానికి ఫారినర్స్ ఆఫీసు ఒక కాగితం ఇవ్వాలి. దాని పేరు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్, మనవాళ్లం ఫిక్షన్ లెటర్ అంటాం. మడతపెట్టిన చిన్న కాగితం, లోపల మూడు గళ్లు, వాటిలో ఒకదాంట్లో ఇంటూ గుర్తు పెడతారు. మూడో గడిలో పెడితే దేశం దాటి తిరిగి రావచ్చు, పై రెండిట్లో పెడితే దాన్ని పట్టుకుని వెనక్కి రాలేం. హక్కు చట్టంలో ఉంది, దాన్ని చూపించే కాగితం మాత్రం చేతికి రాదు. మా బాధంతా ఇదే.

కార్డు గడువు దాటిన వారంలోనే మా నాన్నగారికి బైపాస్ చేయాలన్నారు. వెళ్తే ఏ ఎయిర్‌లైన్ తిరిగి ఎక్కించుకుంటుందో తెలియదు, ఇక్కడ ఇల్లు, ఉద్యోగం, స్కూల్లో పాప. మెయిల్స్ పెట్టాను, ఫోన్లు చేశాను, పొద్దున్నే వెళ్లి ఆఫీసు తలుపు దగ్గర నిలబడ్డాను. అపాయింట్‌మెంట్ లేనిదే లోపలికి పంపం అన్నారు. ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు తమ్ముడు వీడియో కాల్ చేశాడు. కాగితాల గొడవ నాన్నగారికి చెప్పలేదు. ఆయన నన్ను చూసి "టికెట్ దొరకలేదా నాన్నా, పర్లేదులే" అన్నారు. నేను అవునన్నాను.

నా భార్యది ఇంకో కథ. చెల్లుబాటయ్యే పర్మిట్ కాపీ ఫైల్లో ఉంచుకోవడం కంపెనీల బాధ్యత, వాళ్లని తప్పుపట్టను, కానీ ఏడు వారాలు తనని జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. ఏడు వారాలకి ఇద్దరికీ లెటర్లు వచ్చాయి, మూడో గడిలోనే ఇంటూ. అప్పుడు వెళ్లాను, నాన్నగారు అప్పటికే ఇంటికొచ్చేశారు. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, ఎవరెవరికో ఫోన్లు చేసి, గంటన్నర పక్కన నిలబెట్టారు. ఆ కౌంటర్‌లో ఎవరూ అంతకుముందు దాన్ని చూసినట్టు లేదు.

మూడు నెలలైనా ఆఫీసు తేల్చకపోతే కోర్టుకి వెళ్లే హక్కు ఇక్కడ ఉంది, కొందరు వెళ్తున్నారు కూడా. కానీ రేపు మన ఫైలు చూడాల్సిన ఆఫీసు మీదే కేసు వేయడానికి ఎంతమందికి ధైర్యం చాలుతుంది? ఈ ఆఫీసులు దేశమంతా 500కు పైగా ఉన్నాయి, ఏ నగరానివి ఆ నగరం, ఏ జిల్లావి ఆ జిల్లా నడుపుకుంటాయి. చట్టం ఒకటే, పద్ధతి మాత్రం ఊరికొకటి. సిబ్బంది చాలక లోపలున్నవాళ్లూ నలిగిపోతున్నారు, అది కళ్లారా చూశాను. ఇక 2024 అక్టోబర్‌లో అప్పటి ఛాన్సలర్ షోల్జ్ గారు ఢిల్లీ వచ్చి భారతీయ నిపుణుల వీసాలు ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతామన్నారు. సంతోషమే. కానీ వాళ్లంతా కార్డు కోసం రావాల్సింది కూడా ఈ ఆఫీసులకే కదా సార్.

అందుకే అడుగుతున్నాను. అప్లై చేసిన రోజే కంపెనీ, ఎయిర్‌లైన్ ఆన్‌లైన్‌లో సరిచూసుకోగలిగే ఒక ధ్రువపత్రం ఇవ్వమని ఆ జాయింట్ వర్కింగ్ గ్రూప్‌లో జర్మనీని అడగండి. రుసుము పెట్టినా కడతాం. రెండోది పూర్తిగా మన చేతిలో ఉన్న పని. మన ఎయిర్‌పోర్టుల్లో ఇమ్మిగ్రేషన్ వాళ్లకి, ఎయిర్‌లైన్ కౌంటర్ల వాళ్లకి ఫిక్షన్ లెటర్ నమూనా పంపించి, మూడో గడి అంటే ఏమిటో ఒక సర్క్యులర్‌లో చెప్పండి. దీనికి జర్మనీ ఒప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు.

ఇక్కడున్న మనవాళ్లకి కూడా ఒక మాట. పాస్‌పోర్టు గడువు దాటి మీ కార్డుకి గడువు ఇవ్వరు, కాబట్టి ఏడాది ముందే పాస్‌పోర్టు రెన్యూ చేయించుకోండి, లేకపోతే కొత్త పాస్‌పోర్టు రాగానే మళ్లీ ఇదే క్యూలో నిలబడాలి.

నా పీఆర్ ఫైలు ఇంకా తేలలేదు. లెటర్ గడువు మార్చిలో అయిపోతుంది, నాన్నగారికి చెకప్ ఏప్రిల్‌లో. ఈసారి ఆయన పక్కన ఉండాలనుంది సార్. వచ్చే మీటింగ్ అజెండాలో ఈ విషయం చేర్చామని మీ శాఖ నుంచి ఒక్క మాట చెప్పించండి.

ఇట్లు,
జర్మనీలో ఉంటున్న ఒక తెలుగు ఇంజనీర్