ఆ పసుపు మాత్ర గురించి

అమ్మలూ,

"ఆకుకూరలు రోజూ తింటున్నా కదా నాన్నా, ల్యాబ్‌లో చేసిన ఫోలిక్ యాసిడ్ మళ్లీ ఎందుకు?" అని మొన్న అడిగావు. ఫోన్‌లో తేలే మాట కాదని రాస్తున్నాను.

1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించింది. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. అందులో ఉన్నదేమిటో మాత్రం తెలియలేదు. 1941లో టెక్సాస్‌లో ముగ్గురు శాస్త్రవేత్తలు, బాక్టీరియా పెరగడానికి కావలసిన ఒక పదార్థం కోసం నాలుగు టన్నుల పాలకూరతో కుస్తీ పట్టారు. చేతికొచ్చింది అతి కొద్దిగా. ఈ రెండు వెతుకులాటలూ చివరికి ఒకే బి విటమిన్ దగ్గర, అంటే ఈ ఫోలిక్ యాసిడ్ దగ్గర, కలిశాయి. ఆకుకూరలో అది ఉన్నమాట నిజమే. కానీ వేడికి కొంత, వార్చేసిన నీళ్లతో కొంత పోతుంది. మాత్రలోది నిలకడైనది, ఒంటికి ఎక్కువగా పడుతుంది.

దాన్ని మొదట తయారుచేసింది న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాల. అక్కడ పరిశోధన నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పేగులు ఆహారాన్ని సరిగా పీల్చుకోలేని స్ప్రూ జబ్బుతో సోదరుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఈ విటమిన్ ఆ జబ్బుకే మందయింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఈ అణువులో మూడు ముక్కలుంటాయి. ఒక చివర టెరిడిన్ అనే జంట వలయం, మధ్యలో పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం, రెండో చివర గ్లుటామిక్ ఆమ్లం. వాళ్లు జంట వలయాన్ని ముందే చేసిపెట్టుకోలేదు. ఒకే వలయమున్న పిరిమిడిన్‌నూ, మూడు కార్బన్ల డైబ్రోమో ప్రొపియనాల్డిహైడ్‌నూ, మిగతా రెండు ముక్కలు ముందే కలిసి ఉన్న పదార్థాన్నీ ఒకేచోట చర్య జరిపించారు. ఆ మూడు కార్బన్లలో రెండు రెండో వలయంలో చేరాయి, మూడోది మధ్య ముక్కకు వంతెన అయింది. ఎంత అందమైన ఆలోచనో! శుద్ధమైన సరుకు తక్కువే వచ్చినా, 1945లో వాళ్లు ప్రకటించినది కాలేయం నుంచి తీసినదానితో అచ్చంగా సరిపోయింది. ఆ పేపర్ మీద 16 మంది పేర్లున్నాయి.

ఆకులోని రూపం కొద్దిగా వేరే అయినా, ఒంట్లో రెండూ ఒకే పని చేసే రూపంలోకి మారతాయి; ఆకులో పుట్టిందా ఫ్లాస్కులో పుట్టిందా అన్నది ఒంటికి అనవసరం. విటమిన్ పనిని చెడగొట్టే మార్పు అణువులో జరిగితేనే ప్రమాదం. టెరిడిన్ మీది ఓహెచ్ అనే ఒక్క చిన్న ముక్క తీసి, ఎన్‌హెచ్‌2 అనే మరో ముక్క పెడితే అమైనోప్టెరిన్ అవుతుంది, విటమిన్ పనిని అడ్డుకుంటుంది. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడి, కొందరిలో జబ్బును కొంతకాలమైనా వెనక్కి తగ్గించగలిగాడు. అదే మందు గర్భిణికి విషం.

కొత్త కణం పుట్టాలంటే డీఎన్‌ఏ కావాలి, దానికి ఈ విటమిన్ కావాలి. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం, గర్భం కుదిరిన మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అందుకే డాక్టర్లు గర్భం రాకముందునుంచే వేసుకోమంటారు. నువ్వు మానకు.

ఇంకొకటి. నువ్వు శాకాహారివి కాబట్టి బి12 పరీక్ష కూడా చేయించమని డాక్టరు గారిని అడుగు. బి12 తక్కువైనా ఫోలిక్ యాసిడ్ వల్ల రక్తం బాగున్నట్టే కనిపించవచ్చు, లోపల నరాలు దెబ్బతింటూ ఉండవచ్చు. రిపోర్ట్ రాగానే నాకు వాట్సాప్ చెయ్యి.

మీ నాన్న