గోప్యత కుటుంబానిది, జైలు శాఖది కాదు

సంపాదకులకు,

జైలులో ఖైదీ చనిపోయినప్పుడు బయటికి రావలసింది దాగిపోతోంది, దాగవలసింది బజారున పడుతోంది. అధికారుల ప్రకటన ‘అనారోగ్యంతో మృతి’ అన్న ముక్కతో ముగుస్తుంది. అదే రోజు మృతుడి ఫొటో, ఊరు, కేసు, ఎప్పుడో చేయించుకున్న వైద్యం వివరాలు వాట్సాప్‌లో తిరుగుతాయి. జైలు ఏం చేసిందో ప్రజలకు తెలియాలి. ఆ మనిషి బతుకులోని సంగతులు అతని ఇంటివాళ్లవి. ఈ గీత గీయడం అంత కష్టమేమీ కాదు.

ఛాతీలో నొప్పి అని ఖైదీ ఎన్ని గంటలకు చెప్పాడు, డాక్టరు ఎప్పుడు చూశారు, ఎస్కార్టు కోసం వాహనం ఎంతసేపు ఆగింది, ప్రాణం పోయింది బ్యారక్‌లోనా, దారిలోనా, ఆసుపత్రిలోనా? విచారణ ఖైదీయా, శిక్ష పడినవాడా, ఎన్నాళ్లుగా లోపల ఉన్నాడు? వీటిలో వ్యక్తిగత రహస్యమేదీ లేదు. ఇవి ఉద్యోగుల పనికి సంబంధించిన లెక్కలు. గేటు రిజిస్టరులో, జైలు ఆసుపత్రి పుస్తకాల్లో ఆ రోజే ఎక్కవలసినవి.

మరణ కారణం విషయంలో మాత్రం తొందర పనికిరాదు. పోస్టుమార్టం కాకముందే ‘గుండెపోటు’ అని చెప్పేస్తున్నారు. శవపరీక్షలో తేలకపోతే డాక్టరు తుది అభిప్రాయం ఆపి, విసెరాను (శవం లోపలి అవయవాల నమూనాలను) ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతారు. నివేదికకు నెలలు పట్టవచ్చు. అప్పటిదాకా ‘కారణం ఇంకా తేలలేదు’ అనడమే నిజాయితీ. నివేదిక వచ్చాక మళ్లీ ప్రకటన ఇవ్వాలి. ఆ రెండో ప్రకటన రాకపోతే మొదటి రోజు మాటే నిజమై కూర్చుంటుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) 2022 లెక్కల్లో జ్యుడీషియల్ కస్టడీ (జైలు) మరణాలు 1,995. అందులో అసహజమైనవి 159. మిగిలినవాటిలో అత్యధికం ‘సహజం’ ఖాతాలోకి వెళ్లాయి. జబ్బుతో పోతే సహజమే కావచ్చు, కానీ మందు వేళకు అందిందో లేదో ఆ మాట చెప్పదు. పైన అడిగిన గంటల లెక్క అందుకే కావాలి.

కస్టడీ మరణాన్ని 24 గంటల్లో తమకు తెలపాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993లోనే ఆదేశించింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలోని 196వ సెక్షన్ ఇలాంటి మరణంపై మెజిస్ట్రేటు విచారణ గురించి చెబుతూ, వీలైనంతవరకు బంధువులకు కబురు చేయాలని, విచారణ జరిగేటప్పుడు వాళ్లను ఉండనివ్వాలని అంటోంది. కమిషన్‌కు వెళ్లే కాగితాన్నే పేరు, చిరునామా తీసేసి శాఖ వెబ్‌సైటులో పెట్టవచ్చు. అదనంగా పడే శ్రమ ఏమీ లేదు.

సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె) సెక్షన్‌కు చేసిన సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ‘వ్యక్తిగత సమాచారం’ అంటే చాలు, దరఖాస్తు తిరస్కరించడానికి దారి దొరికింది. అయినా 8(2) ఉంది: ప్రజాప్రయోజనం మిన్న అయితే ఇవ్వవచ్చు. పదో సెక్షన్ ఉంది: ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వాలి. దరఖాస్తులో ఈ రెండింటినీ పేర్కొనాలి. కొడుకు కేస్‌షీట్ అడిగిన తల్లికి, ఆ కొడుకు గోప్యత పేరుతోనే కాదనడం కంటే అన్యాయం ఉండదు.

ఇక దాచవలసినవి. హెచ్‌ఐవీ, మానసిక చికిత్స, ఆత్మహత్య లేఖ, శవం ఫొటోలు, పోస్టుమార్టం వీడియో, ములాఖత్‌కు వచ్చినవాళ్ల పేర్లు. ఇవి కుటుంబానికి చేరాలి, పత్రికలకు కాదు. పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో మరింత జాగ్రత్త కావాలి. నిందితుడు బాధితురాలి బంధువైతే, అతని పేరు, ఊరు, సెక్షన్ కలిపి వేసినా చాలు, ఆ పిల్ల ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది.

కుటుంబమే మాట్లాడవద్దంటే? పేరు ఆపండి, గంటల లెక్క ఆపకండి. పేదింటివాళ్ల మౌనం వెనుక ఎవరి ఒత్తిడి ఉందో బయటివాళ్లకు కనపడదు. గోడల మధ్య ఇంకా మిగిలి ఉన్న ఖైదీలకూ ఆ లెక్కలోనే రక్షణ ఉంది.

ఏ ప్రకటనైనా ఇంటికి కబురు అందిన తర్వాతే రావాలి. జైలులో చేరిన రోజు రాసుకున్న ఒక్క ఫోన్ నంబరు ఏడాది తిరిగేసరికి పనిచేయకపోవచ్చు. అడ్మిషన్ రోజున ఇద్దరి నంబర్లు తీసుకోవాలి, మూడు నెలలకోసారి ఖైదీనే అడిగి సరిచూడాలి. సూపరింటెండెంటు స్వయంగా ఫోన్ చేయాలి. ఎత్తకపోతే స్థానిక స్టేషన్ నుంచి మనిషి ఇంటికి వెళ్లాలి. ఏ గంటకు ఫోన్ చేశారో, ఏ గంటకు కబురు అందిందో, ఆ రెండూ ప్రకటనలో ఉండాలి.

– ఒక పాఠకుడు